ఆ ట్యాంకులో ఎవరిదీ కాని చోటు ఎక్కడ? – పెద్ద సిక్లిడ్ ట్యాంకులోకి కొత్త చేపని తెచ్చేముందు

(ఆక్వేరియం అభిరుచి ఉన్నవాళ్ళ సమావేశంలో మాట్లాడిన మాటలు, రికార్డింగ్ విని రాసినవి)

అందరికీ నమస్కారం అండి. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? మైకు కొంచెం గురగురమంటోంది గానీ మనందరికీ ఇంట్లో ఇరవై నాలుగ్గంటలూ ఫిల్టరు సౌండు వినే అలవాటే కదా, సర్దుకుపోదాం.

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఆరడుగుల ట్యాంకు, ఒక ఆస్కార్, రెండు సెవెరమ్‌లు, ఒక జాక్ డెంప్సీ ఉన్నాయి, ఇంకా బోసిగా ఉంది, ఏం వేస్తే బాగుంటుంది?" అని. ఇవన్నీ సిక్లిడ్లు, అంటే చోటు కోసం పోట్లాడే ఒక చేపల కుటుంబం. నేను చేప పేరు చెప్పను, తిరిగి ఇంకో ప్రశ్న అడుగుతా, "ఆ ఆరడుగుల్లో ఎవరిదీ కాని చోటు ఎక్కడుంది?" అని. చాలామంది తెల్లమొహం వేస్తారు. కొందరికి కోపం కూడా వస్తుంది, నేనేదో మాట దాటేస్తున్నాను అనుకుంటారు. దాటెయ్యట్లేదండి, అసలు విషయం అక్కడే ఉంది. మన కంటికి నీళ్ళు ఖాళీగా కనబడతాయి, చేపకి అలా కనబడదు. ఆ మూల చెక్క కింద ఒకడిది, హీటరు పక్కన ఇంకొకడిది, మధ్యలో ఇసక మొత్తం ఎవడో పెద్దాయనది. అన్నీ రిజిస్ట్రేషన్ అయిపోయిన ప్లాట్లే. మనం తీసుకెళ్ళి కొత్తవాణ్ణి ఎవడో ఒకడి వాకిట్లో దింపుతున్నాం, తర్వాత "అయ్యో, కొడుతున్నాయి" అని బాధపడుతున్నాం.

అందుకే ఇవాళ నేను ఈ చేపతో ఆ చేప కలుస్తుంది, ఇది కలవదు అని పట్టికలు చెప్పను. అలాంటి పట్టికలు బోలెడు ఉన్నాయి, తప్పనను, కానీ ఆ పట్టికల్లో మీ ట్యాంకులో ఉన్న ఆ ఒక్క జాక్ డెంప్సీ గాడి గుణం ఉండదు. కొత్త చేపని ఎంచుకోవడం అంటే ముందు పాతవాళ్ళని చదవడం అని నా లెక్క.

ఎలా చదవాలి? ఒక కాయితం తీసుకోండి, ట్యాంకుని పైనుంచి చూసినట్టు ఒక పొడుగు డబ్బా గీయండి, రాళ్ళు, చెక్కలు, ఫిల్టరు పైపు ఎక్కడున్నాయో పెట్టండి. ఓ వారం రోజుల పాటు రోజుకో అరగంట కూర్చోండి. మేత వేసే టైములో మాత్రం కాదు, ఎందుకంటే మేత టైములో అందరూ ముందు అద్దం దగ్గరికే వచ్చేస్తారు, సరిహద్దులు మర్చిపోతారు, ఆ పదినిమిషాలు చూసి "మావి చాలా కలిసిమెలిసి ఉంటాయండి" అనేవాళ్ళు ఎంతమందో. మేత అయ్యాక గంటకి చూడండి. ఎవడు ఎక్కడికి వెనక్కెళ్ళాడు, ఎవడు ఎవణ్ణి చూసి దారి మార్చాడు, ఎవడు తరిమి ఎక్కడ దాకా వెళ్ళి ఆగిపోయాడు. ఆ ఆగిపోయిన చోటే సరిహద్దు. అక్కడ పెన్సిలుతో గీత పెట్టండి. వారం తర్వాత ఆ కాయితం మీద గీతల్లేని చోటు కనబడితే, అప్పుడు మాట్లాడదాం ఏ చేప అని. కనబడకపోతే చేప కొనకండి, రాయి కొనండి, లేదా ఏం కొనకండి.

ఇంకొకటి, పైన, మధ్య, కింద అని మూడు అంతస్తులు కూడా చూడాలి. నా ట్యాంకు ఆరడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు, అంటే దాదాపు 680 లీటర్లు. అందులో గొడవంతా కింది అడుగులోనే జరుగుతుంది. పై అడుగు చాలాకాలం ఖాళీగా ఉండేది, నేనే గమనించలేదు. అందుకే లీటర్ల లెక్క కన్నా కింది నేల కొలత ముఖ్యం అంటాను. ఎత్తు ఎక్కువ, నేల తక్కువ ఉన్న ట్యాంకు చూడ్డానికి బాగుంటుంది గానీ సిక్లిడ్లకి అది అపార్ట్‌మెంటులో ఒకే గది ఉండి పైకప్పు చాలా ఎత్తుగా ఉన్నట్టు.

మనకి ఒక సామెత ఉంది కదా, ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని. సిక్లిడ్ల దగ్గర ఇది తిరగబడుతుంది. ముందొచ్చిన చెవులదే రాజ్యం. స్థానబలం అంటాం చూడండి, అదే. ఒకే సైజు రెండు చేపల్లో ముందు నుంచి అక్కడ ఉన్నవాడే ఎక్కువసార్లు గెలుస్తాడు. కాబట్టి కొత్తవాడు కొంచెం పెద్దగా ఉన్నా నష్టం లేదు, కానీ మరీ పెద్దగా ఉంటే పాతవాళ్ళు చెల్లాచెదురు. నేనైతే పాత పెద్ద చేప సైజుకి కొంచెం అటూ ఇటూగా ఉన్నదాన్నే చూస్తాను, మరీ పిల్లని తెస్తే అది నోట్లోకి పోతుంది.

ఈ చేపలు మనం అనుకునేంత తెలివితక్కువవి కాదండి. టాంగన్యీకా సరస్సు తీరాల్లో ఉండే ఆస్టటోటిలాపియా బర్టోనీ అనే చిన్న సిక్లిడ్ మీద అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధనలు చేశారు. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో ఏం చేశారంటే, ఒక మగ చేపని పక్కన గదిలో పెట్టి మిగతా మగవాటి కొట్లాటలు చూపించారు. ఒకటో వాడు రెండోవాణ్ణి కొట్టాడు, రెండోవాడు మూడోవాణ్ణి, మూడోవాడు నాలుగోవాణ్ణి, నాలుగోవాడు ఐదోవాణ్ణి. రెండోవాడికీ నాలుగోవాడికీ మధ్య కొట్లాట అది ఎప్పుడూ చూడలేదు. తర్వాత ఆ ఇద్దరినీ చెరోపక్క పెడితే, చూసిన చేప నాలుగోవాడి వైపే ఎక్కువసేపు ఉంది, అంటే బలహీనుడు ఎవడో లెక్క కట్టేసింది. మనం సంచి తేలేసి లోపలికి వదిలిన కొత్త చేప మొదటి రోజు ఎవడి చేతిలో తన్నులు తిందో మిగతావాళ్ళంతా చూస్తున్నారన్నమాట. మొదటి గంట ఓటమి తర్వాత నెల రోజులు వెంటాడుతుంది. అందుకే మొదటి గంట గురించి నేను అంత చాదస్తంగా మాట్లాడతాను, అది చివర్లో చెప్తా.

సరే, చోటు దొరికింది అనుకుందాం. ఇప్పుడు ఎవరు?

ఖండాలు కలపొద్దు అనే మాట మీరంతా వినే ఉంటారు, ఆఫ్రికా వాటిని అమెరికా వాటితో వేయొద్దని. ఎందుకు అంటే అందరూ నీళ్ళ పీహెచ్ అంటారు, అంటే నీళ్ళు ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలత. నిజమే, ఆఫ్రికాలో మలావీ సరస్సు నీళ్ళు క్షారం వైపు, 7.8 నుంచి 8.6 దాకా ఉంటాయి, అమెజాన్ వైపు చాలా నదులు ఆమ్లం వైపు. కానీ ట్యాంకుల్లో పుట్టి పెరిగిన చేపలు 7.5 దగ్గర రెండు రకాలూ బతికేస్తాయి, అది చూసి "ఏం కాలేదుగా" అంటారు. నన్నడిగితే పీహెచ్ కన్నా పెద్ద తేడాలు రెండున్నాయి. ఒకటి తిండి. మలావీలో ఎంబూనాలు అని రాళ్ళ మీద ఉండే జాతులు, అవి పొద్దస్తమానం రాళ్ళకి పట్టిన నాచుని గీరుకుని తింటాయి, వాటి పేగు పొడుగు. ఆస్కార్‌కి వేసే మాంసం ఎక్కువున్న పెల్లెట్లు వాటికి రోజూ పడితే కడుపు ఉబ్బి చస్తాయి, ఆ జబ్బు వచ్చిందంటే తిప్పుకోవడం కష్టం. రెండోది కొట్లాట భాష. ఎంబూనా తరమడం మొదలుపెడితే చిన్నచిన్న పరుగులు, రోజంతా, ఊపిరి తీసుకోనివ్వదు. సెవెరమ్ లాంటిది పక్కకి తిరిగి, రెక్కలు విప్పి, తోకతో నీళ్ళు కొట్టి, "చూసుకో నా సైజు" అని నిదానంగా చెప్పే రకం. ఆ నిదానపు మనిషి ఇంకా రెక్కలు విప్పుతూ ఉండగానే ఎంబూనా వెనకాల వచ్చి తోక కొరికేసి పోతుంది. ఒకళ్ళ తిట్టు ఒకళ్ళకి అర్థం కాదు.

అమెరికా వాటిలో కూడా అన్నీ ఒకటి కాదు. మధ్య అమెరికావి, జాక్ డెంప్సీ, కాన్విక్ట్, రెడ్ డెవిల్, జాగ్వార్, వీళ్ళంతా మోటు. దక్షిణ అమెరికా వాటిలో సెవెరమ్, జియోఫేగస్, చాక్లెట్ సిక్లిడ్, బ్లూ అకారా, వీళ్ళు నెమ్మదస్తులు. డిస్కస్‌ని ఈ గుంపులో ఊహించుకోకండి, దానికి 28 నుంచి 30 డిగ్రీల నీళ్ళు కావాలి, ప్రశాంతత కావాలి. గ్రీన్ టెర్రర్ దక్షిణ అమెరికాదే, కానీ పేరులోనే చెప్పాడు కదా. మగది పెద్దయ్యాక నేను దాన్ని మధ్య అమెరికా లెక్కలోనే వేస్తాను.

సైజు గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలుసు. పెరిగాక ఎంత అవుతుందో చూడండి, కొన్నప్పుడు ఎంతుందో కాదు. ఆస్కార్ రెండంగుళాల పిల్లగా మురిపిస్తుంది, ఏడాది తిరిగేసరికి పాతిక సెంటీమీటర్లు దాటుతుంది. వుల్ఫ్ సిక్లిడ్ అని డోవీ ఒకటుంది, మగది అర మీటరు దాటుతుంది. దాన్ని రకరకాల చేపలు కలిపి పెంచే ఏ ట్యాంకులోనూ వేయకండి, ఆ పిల్ల ఎంత ముద్దుగా మీ కళ్ళలోకి చూసినా సరే. "అసార్టెడ్ సిక్లిడ్స్" అని రాసిన తొట్టిలోంచి కూడా తీసుకోకండి, జాతి తెలియకుండా గుణం ఎలా తెలుస్తుంది?

నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నది రంగు. సిక్లిడ్ అందరికన్నా ఎక్కువగా ఎవణ్ణి కొడుతుందంటే తనలా కనబడేవాణ్ణి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారే, ఇక్కడ ఒకే రంగు కత్తులు ఇమడవు. విక్టోరియా సరస్సులో ఎర్ర మగాళ్ళూ నీలి మగాళ్ళూ ఉండే పుండమీలియా అనే చేపల మీద చేసిన పరిశోధనల్లో కూడా తన రంగువాడి మీదే ఎక్కువ దాడి చేయడం కనబడింది. తర్కం ఉంది, తన రంగువాడే తన ఆడదానికీ తన చోటుకీ పోటీ. కాబట్టి ట్యాంకులో నీలం చారలది ఉంటే ఇంకో నీలం చారలది తేకండి, అది వేరే జాతే కావచ్చు, మీ పాత చేప దాని శాస్త్రీయ నామం చదవదు. మలావీ సిక్లిడ్లలో పసుపు ల్యాబ్ అనేది ఉన్నచోట పసుపు పీకాక్ అనేదాన్ని తేకండి. డెమసోనీలు అని చిన్న నీలం చారల ఎంబూనాలు, అవి అయితే ఒక్కటి పెంచండి లేదా పన్నెండు పైన వేయండి, మూడూ నాలుగూ మాత్రం వద్దు, మూడిట్లో ఒకటే మిగులుతుంది. గుంపు పెద్దదైతే కొట్టేవాడికి ఎవణ్ణి కొట్టాలో తేలదు, దెబ్బలు పంచుకుపోతాయి. ఎంబూనా ట్యాంకుల్లో కావాలనే కిక్కిరిసి వేసి, ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి పెట్టడం అందుకే. ఆ పద్ధతి ఆస్కార్లకి, జాక్ డెంప్సీలకి పనికిరాదు, అది గుర్తుపెట్టుకోండి, కిక్కిరిస్తే ఆ నీళ్ళని ఏ ఫిల్టరూ మోయలేదు.

రంగు అంటే ఇంకోటి గుర్తొచ్చింది. మైడస్ సిక్లిడ్లలో మామూలు బూడిద రంగువీ ఉంటాయి, బంగారు రంగువీ ఉంటాయి, ఒకటే జాతి. జార్జ్ బార్లో అనే శాస్త్రవేత్త వాటి మీద ఏళ్ళ తరబడి పనిచేసి, సమానమైన సైజులో ఉంటే బంగారువే పెత్తనం చేస్తాయని చూపించారు. అంటే మీరు ఎర్రగా, బంగారంలా ఉంది కదా అని కొన్నది లోపల ఉన్న నల్లవాళ్ళందరినీ ఊరికే రంగుతో బెదిరించేయొచ్చు.

ఇప్పుడు నా సొంత కథ ఒకటి చెప్తా, నా పరువు పోయినా పర్లేదు.

నా ట్యాంకులో జాక్ డెంప్సీ ఒకడు ఉండేవాడు, ఎడమవైపు చెక్క వాడిది. ఒక గ్రీన్ టెర్రర్ ఉండేది, కుడివైపు రాళ్ళ వెనక, రెండేళ్ళు సాధువు. ఒక ఆస్కార్, రెండు సెవెరమ్‌లు. జాక్ డెంప్సీ దౌర్జన్యం ఎక్కువైందని వాణ్ణి తీసి ఒక మిత్రుడికి ఇచ్చేశా. హమ్మయ్య అనుకుని, ఎడమవైపు చోటు ఖాళీ అయిందిగా అని వారం తిరక్కుండా ఒక ఫైర్‌మౌత్ తెచ్చా. మంచి ఎంపికే అనుకున్నా, ఫైర్‌మౌత్ గొంతు ఎర్రగా ఉబ్బించి మొప్పల మూతలు విప్పుతుంది, ఎదురుగా చూస్తే ఆ మూతల మీద నల్లమచ్చలు రెండు కళ్ళలా కనబడి తల చాలా పెద్దదనిపిస్తుంది, చాలాసార్లు అంత నాటకంతోనే గొడవ అయిపోతుంది. కానీ నేను చూడనిది ఏంటంటే, జాక్ డెంప్సీ పోయిన మర్నాడే గ్రీన్ టెర్రర్ రంగు మారింది. మొహం మీద నీలం గీతలు ఎప్పుడూ లేనంత మెరిశాయి, తోక అంచు నారింజ. నేను "అబ్బా, ఎంత బాగుంది, ఇప్పటికి స్వేచ్ఛ వచ్చింది పాపం" అని ఫోటోలు తీసుకున్నా. అది స్వేచ్ఛ కాదు, పట్టాభిషేకం. ఎడమవైపు చెక్క కూడా అది కలిపేసుకుంది. ఫైర్‌మౌత్ గొంతు ఉబ్బించింది, గ్రీన్ టెర్రర్ ఆ నాటకం చూడ్డానికి ఆగలేదు, నేరుగా మూతి పట్టుకుని తిప్పింది. పదో రోజు పొద్దున లైటు వేసేసరికి ఫైర్‌మౌత్ ఫిల్టరు పైపు వెనక నిలువుగా, మూతి పైకి పెట్టి, తోక సగం లేకుండా ఉంది. తీసి వేరే ట్యాంకులో వేశా గానీ దక్కలేదు.

ఇందాక చెప్పిన బర్టోనీ చేపల మీదే 2005లో ఇంకో పరిశోధన వచ్చింది, పెద్ద మగదాన్ని చీకట్లో తీసేసి పొద్దున లైటు వేస్తే, అణిగిమణిగి ఉన్న రెండోవాడు నిమిషాల్లో రంగు తెచ్చుకుని పెత్తనం మొదలుపెట్టాడు, మెదడులో కూడా మార్పు కనబడింది. నిమిషాలండి! నేను వారం ఆగానని గొప్పగా అనుకున్నా. నేను గీసుకున్న మ్యాపు జాక్ డెంప్సీ ఉన్నప్పటిది, ఆ మ్యాపు పట్టుకుని వాడు లేని ట్యాంకులోకి చేపని కొన్నా. ఎవణ్ణి తీసినా, ఎవడు చచ్చినా, ఒక రాయి జరిపినా పాత కాయితం చింపేసి మళ్ళీ గీయాలి. ఇప్పుడు నేను కనీసం నెల ఆగుతాను.

ఆడామగా గురించి. జత కట్టాయంటే లెక్కలన్నీ మారిపోతాయి. పిట్ట కొంచెం కూత ఘనం అని కాన్విక్ట్‌ని చూసే పుట్టించారేమో. ఒక జత కాన్విక్ట్లు, ఆడది మూడంగుళాలు కూడా లేదు, పూలకుండీ ముక్కలో గుడ్లు పెట్టాయి. మూడోరోజుకల్లా నా ఆస్కార్, ముప్పై సెంటీమీటర్ల జంతువు, కుడి మూల హీటరుకి ఒళ్ళు ఆనించి నిలబడి ఉంది. సెవెరమ్‌లు దాని వెనక. ముగ్గురూ క్యూలో నిలబడినట్టు. ఆరడుగుల్లో నాలుగున్నర అడుగులు ఆ రెండు కాన్విక్ట్లవి. మేత వేస్తే ఆస్కార్ ఒకసారి ముందుకొచ్చి, ఆ ఆడ కాన్విక్ట్ ఇటు తిరగ్గానే మళ్ళీ హీటరు దగ్గరికి. నవ్వొస్తుంది గానీ ఆ హీటరుకి ఒళ్ళు ఆనించడం వల్ల దాని పక్కన కాలిన మచ్చ పడింది, మానడానికి చాలా రోజులు పట్టింది. ఇప్పుడు హీటరుకి ప్లాస్టిక్ తొడుగు పెట్టా, మీరూ పెట్టండి. కాబట్టి కొత్త చేప మగదా ఆడదా, లోపల ఉన్నవాటితో జత కడుతుందా అన్నది ముందే చూడండి. పీకాక్‌లు పెంచేవాళ్ళు చాలామంది అన్నీ మగవే వేసుకుంటారు, రంగూ ఉంటుంది, కొట్లాటకి కారణమూ తగ్గుతుంది, అయితే పొరపాటున ఒక్క ఆడది కలిసినా ఆ ట్యాంకు ఇంక ట్యాంకు కాదు, బరి.

ఒక్కోసారి ఆ ఖాళీ చోటుకి సరైనవాడు సిక్లిడే కాకపోవచ్చు. నా ట్యాంకులో పై అంతస్తు ఖాళీ అన్నాను కదా, అక్కడ ఆరు సిల్వర్ డాలర్లు వేశా. రూపాయి బిళ్ళల్లా గుండ్రంగా, గుంపుగా తిరుగుతాయి, పెరిగితే పదిహేను సెంటీమీటర్ల దాకా వస్తాయి, నోట్లో పట్టవు. అవి ఆ మూల నుంచి ఈ మూలకి నిశ్చింతగా తిరుగుతుంటే కింద సిక్లిడ్లకి పైన గద్దా కొంగా ఏమీ లేవని ధైర్యం. దాక్కునే సెవెరమ్ బయటికి రావడం మొదలుపెట్టింది. పైగా కోపం చూపించడానికి అందని శత్రువులు కొందరు దొరికారు. మొక్కలుంటే మాత్రం సిల్వర్ డాలర్లు వారంలో శుభ్రం చేసేస్తాయి. ఆఫ్రికా ట్యాంకులకి సైనోడాంటిస్ పిల్లిచేపలు సరిపోతాయి, వాటిలో మల్టీపంక్టాటస్ అనేది కోకిల లాంటిది, నోట్లో గుడ్లు పొదిగే సిక్లిడ్ గుడ్లలో తన గుడ్లు కలిపేస్తుంది, ఆ తల్లి నోట్లోనే దీని పిల్లలు పుట్టి దాని పిల్లల్ని తినేస్తాయి. అది వేరే కథ, దానికే ఒక రోజు మాట్లాడొచ్చు. ఒక్క హెచ్చరిక, పెద్ద ఆస్కార్ ఉన్నచోట చిన్న కోరీడోరస్‌లు వేయకండి, మింగబోతే వాటి ముళ్ళు గొంతులో విచ్చుకుని ఇరుక్కుంటాయి, రెండూ పోతాయి.

ఇంక తెచ్చాక. క్వారంటైన్, అంటే కొత్తదాన్ని వేరే ట్యాంకులో విడిగా ఉంచడం, నాలుగు వారాలు, దీంట్లో బేరాల్లేవు. తెల్లమచ్చల జబ్బు పురుగు చర్మం కింద ఉన్నప్పుడు మందు పనిచేయదు, నీళ్ళలో ఈదుతున్న దశలోనే చస్తుంది, అందుకే మచ్చలు పోగానే మందు ఆపేయకూడదు. మలద్వారం దగ్గర ఎర్ర దారాల్లా వేలాడితే కమలానస్ అనే పేగు పురుగు. ఇవి చూడ్డానికే ఆ నెల. ఆ నెలలో ఇంకో లాభం, కొత్త చేప కండ పట్టి, భయం వదిలి, మీ పెల్లెట్ల రుచి మరిగి ఉంటుంది. నీరసంగా, ఆకలితో యుద్ధానికి పంపరు కదా ఎవరూ.

దింపే రోజు రాళ్ళన్నీ జరిపేయండి. ఊరికే ఒక రాయి అటు ఇటు కాదు, మొత్తం. పాతవాళ్ళకి కూడా ఊరు కొత్తదవ్వాలి, ఇందాక చెప్పిన స్థానబలం తీసేయాలి. కడుపునిండా మేత వేసి, లైటు ఆపి, కుదిరితే ఒకేసారి రెండు మూడు దింపండి, ఒకే కొత్తవాడి మీద అందరూ పడకుండా. ఇక్కడ ఒక ఇరకాటం ఉంది, చేపలు వదిలే అమ్మోనియా విషం, దాన్ని ఫిల్టరులో ఉండే బ్యాక్టీరియా మార్చేస్తుంది, ఒకేసారి ఎక్కువ చేపలు వేస్తే ఆ బ్యాక్టీరియాకి అంత అమ్మోనియాని అందుకునేలా పెరిగే టైము ఉండదు. ఆ విషం తీవ్రత కూడా పీహెచ్ బట్టి మారుతుంది, పీహెచ్ 7లో, 25 డిగ్రీల దగ్గర, అమ్మోనియాలో విషం రూపంలో ఉండేది వందకి ఒకటి కన్నా తక్కువ, 8లో ఐదు దాకా, 8.5లో పదిహేను దాకా. అంటే మలావీ ట్యాంకులో అదే పొరపాటు చాలా రెట్లు ఖరీదు. నేనేం చేస్తానంటే క్వారంటైన్‌లో వాడిన స్పాంజి ఫిల్టర్ని కూడా చేపలతో పాటు పెద్ద ట్యాంకులోకి మార్చేస్తాను, చేపలు ఏ జబ్బూ లేకుండా నెల గడిపితేనే, వాటి బ్యాక్టీరియా వాటితోనే వస్తుంది. వారం రోజులు మేత సగం చేస్తాను, రోజు మార్చి రోజు అమ్మోనియా టెస్టు చేస్తాను.

మొదటి రాత్రి తరమడం చూసి కంగారు పడకండి. చినిగిన రెక్క అంచు పెరుగుతుంది. చూడాల్సింది మేత. మూడో రోజుకి కూడా మేతకి రాకుండా, రెక్కలు ముడుచుకుని, పైమూలలో ఉంటే అది ఓడిపోయింది. అప్పుడు అందరూ కొత్తదాన్ని తీస్తారు. నేను ఒక్కోసారి కొట్టేవాణ్ణి తీస్తా. రెండు మూడు వారాలు వేరే ట్యాంకులో పెట్టి, ఈలోపు మిగతావాళ్ళు సర్దుకున్నాక, రాళ్ళు జరిపి తిరిగి దింపితే ఇప్పుడు వాడే కొత్తవాడు. అన్నిసార్లూ పనిచేయదు, సగం సార్లు చేసింది.

ప్రశ్నలున్నాయా? చెప్పండి తమ్ముడూ.

(ఒక యువకుడు: అన్నా, నా ట్యాంకులో ఫ్లవర్‌హార్న్ ఉంది, నాలుగడుగులు. దానికి తోడుగా ప్యారట్ ఫిష్ వేయొచ్చా, రెండూ హైబ్రిడ్‌లే కదా?)

హైబ్రిడ్ అవ్వడం చుట్టరికం కాదు నాయనా. (నవ్వులు) ఫ్లవర్‌హార్న్ 1990ల్లో మలేషియాలో తయారైంది, మధ్య అమెరికాలోని కోపిష్టి వాళ్ళందర్నీ కలిపి. ప్యారట్ ఫిష్‌కి నోరు సరిగ్గా మూసుకోదు, మూతి పట్టుకుని పోట్లాడటం దానికి చేతకాదు, కొరికితే తిరిగి కొరకలేదు. నాలుగడుగుల్లో ఫ్లవర్‌హార్న్‌కి తోడు మీరే, రోజూ అద్దం దగ్గర కూర్చోండి, అది మిమ్మల్ని గుర్తుపట్టి వస్తుంది చూడండి.

(ఒకావిడ: ఇన్ని లీటర్లకి ఇన్ని అంగుళాల చేప అనే లెక్క పెద్ద సిక్లిడ్లకి పనికొస్తుందాండీ?)

రాదమ్మా. పది అంగుళాల ఆస్కార్ ఒకటి, అంగుళం చేపలు పది, ఒకటే లెక్క అవుతాయా? పొడుగు రెట్టింపైతే బరువు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది, మలం కూడా అలాగే పెరుగుతుంది. నైట్రేటు చూసుకోండి, అమ్మోనియాని బ్యాక్టీరియా మార్చాక చివరికి నీళ్ళలో మిగిలేది అదే. వారానికి మూడోవంతు నీళ్ళు మార్చినా నైట్రేటు లీటరుకి 40 మిల్లీగ్రాములు దాటుతుంటే మీ ట్యాంకు నిండింది, మ్యాపులో చోటున్నా సరే.

(అదే ఆవిడ: మరి మీ ట్యాంకులో ఇప్పుడు ఏం వేస్తున్నారు?)

గ్రీన్ టెర్రర్ పోయిన నెల ముసలితనంతో పోయిందండి. మర్నాడు పొద్దున్నే లేచి చూశా, పెద్ద సెవెరమ్, ఇన్నాళ్ళూ సిల్వర్ డాలర్ల వెనక దాక్కున్నది, ఎడమ చెక్క ముందు నిలబడి ఉంది, ఒళ్ళంతా పసుపెక్కి. కాయితం మళ్ళీ గీస్తున్నా. ఇప్పటికి రెండు వారాలే అయింది.